తమ్ముణ్ణి తేవడానికి వచ్చి

చింతచెలిమ ఊరిబయట కొట్టాలు,
ఆలూరు దగ్గర.

నాయన పాదాలకు పెద్దకొడుకు ఓబులరెడ్డి మొక్కుకొని రాసుకునే జాబు. ఇక్కడ నేనూ తమ్ముడు కేశవులూ ప్రాణాలతో ఉన్నాము, రెండు పూటలా ఏదో ఒకటి తింటున్నాము. ఈ మాట అన్నిటికంటే ముందు రాస్తున్నాను, జాబు రాగానే అమ్మ అడిగేది అదే కాబట్టి. నువ్వు, అమ్మ, జేజి, నా పెళ్లాం సుబ్బమ్మ, పాప అందరూ ఎట్లున్నారు? జేజి మోకాళ్ల నొప్పులు తగ్గినాయా? ఎర్రెద్దు గిట్ట మానిందా లేదా రాయించు. దానికి వేపాకు, పసుపు నూరి కట్టమని జీతగాడికి చెప్పి వచ్చాను, వాడు కట్టి ఉండడు.

ఈ జాబును కరణంతో చదివించవద్దు నాయనా. ఆయన చదివితే పొద్దు గూకేలోపల బద్వేలు సంత మొత్తానికి తెలిసిపోతుంది. బావ వచ్చినప్పుడు తలుపు దగ్గరికి వేసి చదివించుకో.

నువ్వు నన్ను పంపింది వారం రోజుల పని మీద. నేను బండి ఎక్కేటప్పుడు మన చేలో జొన్న పొట్ట మీద ఉండేది. ఇప్పటికి కోత, నూర్పిడి అయిపోయి, గింజలు గరిసెలోకి చేరి, చొప్ప వామి కూడా వేసి ఉంటారు. చెయ్యాల్సిన చేతులు ఇక్కడ ఎవరిదో బావి మీద కపిల తోలి నీళ్లు తోడుతున్నాయి. పెద్దకొడుకు పనికిమాలినవాడని నువ్వు అనుకుంటూ ఉంటావు. అనుకో. నేను కూడా రోజూ అదే అనుకుంటున్నాను.

కడపలో రైలెక్కి గుంతకల్లులో దిగి, అక్కడి నుంచి బండి మాట్లాడుకొని ఆలూరు వచ్చాను. దారి పొడుగునా వాడికి చెప్పాల్సిన మాటలు ఒకటికి పదిసార్లు మనసులో అనుకుంటూ వచ్చాను. కడపలో నీకు చదువు చెప్పించింది ఎందుకురా, నీ కోసం శెనక్కాయల మండీ పెట్టిస్తానని నాయన అనలేదా, మైదుకూరు పిల్లను, పిల్లతో వచ్చే మాగాణిని కాదని ఎవరికో గడ్డల జ్వరం వస్తే నువ్వు ఊరు విడిచి పరుగెత్తుతావా, నువ్వు గడప తొక్కేదాకా ఒంటిపూట గంజితో ఉంటానని అమ్మ మొక్కుకునింది, నీకు కడుపులోకి అన్నం ఎట్లా పోతోంది అని, అన్నీ వరసగా పెట్టుకున్నాను. వాడు తల వంచుకొని వింటాడని, మరుసటి రోజు ఇద్దరమూ తిరుగు బండి ఎక్కుతామని అనుకున్నాను.

నేను వచ్చేసరికి ఊళ్లో మనిషి లేడు. ఇళ్లకు తాళాలు, వీధుల్లో కుక్కలు. ప్లేగు వస్తే ఇక్కడ ఊరినే వదిలేస్తారు నాయనా. ఇంట్లో ఎలకలు పడి చావడం మొదలుపెడితే అందరూ గొడ్డూగోదా తోలుకొని పొలాల్లోకి వచ్చి చొప్ప కొట్టాలు వేసుకుంటారు. ఎవరో చెయ్యి చూపిస్తే ఆ కొట్టాల వైపు పోయాను. ఎదురుగా ఇద్దరు పిల్లోళ్లు ఒక ముసలాయనను మంచంతో సహా మోసుకొని వస్తున్నారు. వెనక పట్టుకున్నవాడు మన కేశవులు. పంచె మోకాళ్ల పైకి కట్టి, నల్లగా మాడిపోయి, గడ్డం పెంచి ఉన్నాడు. నేనొకటి తలిస్తే వాడొకటి అన్నాడు.

"ఆ మంచం కోడు పట్టుకో అన్నా, శానా బరువుండాది."

పట్టుకున్నాను. నువ్వయినా పట్టుకునేవాడివే. మంచం పడిపోతుంటే మైదుకూరు మాగాణి సంగతి ఎవడు మాట్లాడతాడు? మంచం దించిన తరువాత బళ్లారి నుంచి వచ్చిన డాక్టరు నన్ను పైకీ కిందికీ చూసి, జబ్బు మనిషిని ముట్టుకున్నావు కాబట్టి నువ్వు కూడా ఈ గీత దాటి పోకూడదన్నాడు. కొత్తగా ఎవరికీ జ్వరం రాకుండా ఇన్ని రోజులు గడిస్తేనే విడుస్తారట. రోజులు నిండవస్తాయనగానే ఏదో ఒక కొట్టంలో ఇంకొకరికి చంకలో గడ్డ లేస్తుంది. మళ్లీ లెక్క మొదటికి వస్తుంది. దొంగను పట్టబోయి నేనే బందీనైపోయాను.

మొదట్లో మూతి ముడుచుకొని కూర్చున్నాను. ఎన్నాళ్లని కూర్చుంటాను? ఊరు వదిలి వచ్చిన గొడ్లు నీళ్లకు అరుస్తుంటే వినలేక కపిల కట్టాను. ఇప్పుడు పొద్దున లేచింది మొదలు నా పని అదే. కేశవులు, దస్తగిరి అని వాడి జతగాడు, ఇద్దరూ జబ్బు మనుషులను చూసుకుంటారు. దస్తగిరి ఆదోని దిక్కు దూదేకుల వాళ్ల పిల్లోడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, చేసేది నమాజు. వాళ్ల నాయన పరుపుల అంగడి పెట్టిస్తానంటే వదిలేసి వచ్చాడు. సరిపోయింది జత. నువ్వూ వాళ్ల నాయనా ఒకచోట కూర్చుంటే చెప్పుకోవడానికి కావలసినంత ఉంటుంది.

ఇక్కడి నేల నల్లరేగడి. ఎండితే మనిషి కాలు దిగేంత నెర్రెలు విడుస్తుంది. మన కొండల నీడ ఇక్కడ లేదు, ఎటు చూసినా బయలు, పొద్దస్తమానం గాలి. రొట్టెలో మట్టి, నీళ్లలో మట్టి. జనం మంచివాళ్లే. డబ్బును దుడ్లు అంటారు, సగం కన్నడం కలుపుతారు, నన్ను బద్వేలప్పా అని పిలుస్తారు. ఈ పేరు మొదట ఎగతాళిగా పెట్టారు, ఇప్పుడు గొడ్డు ఈనలేక కష్టపడితే ఆ పేరు పెట్టే కేకేస్తారు. సుబ్బమ్మ చేసే ఉలవచారు గుర్తొస్తే మాత్రం నాకు ఏడుపొస్తుంది. ఈ మాట ఆమెకు చెప్పు.

ఒక సాయంత్రం కపిల విప్పాక వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, నువ్వు చెప్పమన్న మాటలన్నీ చెప్పాను. అమ్మ మొక్కు సంగతి కూడా చెప్పాను. అది వినగానే వాడి కళ్లలో నీళ్లు తిరిగినాయి. రాయి కాదు నాయనా వాడు, మన పిల్లోడే. ఒక మట్టి పెళ్ల తీసుకొని చేతిలో నలిపాడు. తరువాత మెల్లగా అన్నాడు.

"మనకు పొలముండాది, మండీ వస్తాది, పెండ్లామూ వస్తాది. అన్నీ నాయన కూడబెట్టినవే. దాంట్లో నేను యాడుండానో చెప్పన్నా. ఈడ పొద్దున లేస్తే నా కోసం నలుగురు ఎదురు చూస్తాండారు."

అమ్మ కూడా ఎదురు చూస్తోంది కదరా అన్నాను. వాడు లేచి పోయాడు. నేను అన్నది సరైన మాటే, అయినా తప్పు చేసినట్టు అనిపించింది. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను. బావా, ఇక్కడి నుంచి అమ్మకు వినిపించేలా చదవవద్దు.

సర్కారు ఇక్కడికి రంగూను బియ్యం పంపిస్తోంది. జొన్న తిని పెరిగిన జనం ఇది. పండగకు తప్ప వరి అన్నం ఎరగరు. పురుగు పట్టిన ఆ బియ్యం తిని పిల్లలకు కడుపులు జారుతున్నాయి. జొన్నలు లేవా అంటే ఉన్నాయి, ఊళ్లో ఉన్నాయి. మనలా ఇంట్లో గరిసెలు కట్టరు వీళ్లు. ఇంటి ముందర బావిలాగా లోతుగా పాతర తవ్వి, చుట్టూ చొప్ప పేర్చి గింజలు పోసి, మూతి మీద బండ పెట్టి మట్టితో మెత్తేస్తారు. ఎన్నేళ్లయినా గింజ చెడదు. లింగమ్మవ్వ అని ఒక ముసలామె ఉంది, ఆమెది అందరికంటే పెద్ద పాతర. నా గింజలు తెచ్చుకోనిస్తే కొట్టాల్లో ప్రతి పొయ్యికీ ఇస్తానని ఆమె అనింది. కేశవులు డాక్టరు వెంట పడి తిరిగాడు. ఆయన చివరికి ఒక్క రోజుకు ఒప్పుకున్నాడు. మరునాడు వీధులన్నిటా మందునీళ్లు పోయిస్తారట, పాతరల్లో కూడా పోస్తారట, ఆ తరువాత ఆ గింజ గొడ్డు కూడా ముట్టదు.

పాతర తీయడానికి ఒక పద్ధతి ఉంది నాయనా. బండ ఎత్తిన రోజు ఎవరూ దిగరు. లోపల మూసుకున్న వేడిగాలి పోవాలని రాత్రంతా తెరిచి పెట్టి, మరుసటి రోజు దీపం దించి చూస్తారు. దీపం అడుగుదాకా వెలిగితేనే మనిషి దిగాలి. ఇది ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. అయితే మాకు ఉన్నది ఆ ఒక్క పగలే.

పొద్దున్నే బండ ఎత్తాము. పులిసిన జొన్న వాసన ముఖాన కొట్టింది. వేపకొమ్మలు తాళ్లకు కట్టి లోపల ఆడిస్తూ గాలి కలిపాము. మధ్యాహ్నం దీపం దించితే సగంలో ఆరిపోయింది. మళ్లీ కొమ్మలు ఆడించాము. పొద్దు వాలుతుండగా దించితే గింజల దాకా పోయింది గానీ, వత్తి నీలంగా వణికింది. లింగమ్మవ్వ చూసి వద్దు నాయనా, గింజలు పోతే పోనీ, నాకు ఈ పాపం వద్దు అని బతిమాలింది. దస్తగిరి కూడా వద్దన్నాడు. కేశవులు అప్పటికే చొక్కా విప్పుతున్నాడు. నేను దిగుతానన్నాను. నీ ఒళ్లు ఆ మూతిలో పట్టదు, నన్ను లాగే బలం వీళ్లకు లేదు, నువ్వే పైన ఉండాలన్నాడు. రెండూ నిజమే.

వాణ్ణి కట్టేసైనా తీసుకొని రమ్మని నువ్వు నాకు చెప్పి పంపావు. వాడి నడుముకు తాడు కట్టింది నేనే నాయనా. ఇంటికి లాక్కొని రావడానికి కాదు, పాతరలోకి దించడానికి.

నువ్వు అక్కడ ఉంటే ఏం చేసేవాడివో నాకు తెలియదు. వాడి జుట్టు పట్టుకొని ఈడ్చి ఉండవచ్చు కదా అంటావు. పొద్దున కొట్టాల దగ్గర ఆ పిల్లలను చూసి వచ్చాను. మెడలు నిలబెట్టలేక తల్లుల భుజాల మీద వాలిపోయి ఉన్నారు. ఆ కళ్లతో చూసినవాణ్ణి, నాకు చేతులు రాలేదు. వద్దని అనలేకపోయాను, పో అని కూడా అనలేదు. ముడి మాత్రం రెండుసార్లు బిగించాను.

వాడు గంపలు నింపుతుంటే దస్తగిరి ఇంకో తాడుతో పైకి చేదుతున్నాడు. నేను నడుము తాడు వదలలేదు. ఒక్కో గంప పైకి వచ్చినప్పుడల్లా వాణ్ణి పేరు పెట్టి పిలుస్తున్నాను, వాడు ఊ అంటున్నాడు. వీధిలో గింజల కుప్ప పెరుగుతోంది. చాలు రారా అంటే ఇంకొకటి అంటున్నాడు. తరువాత నేను పిలిస్తే ఊ అనలేదు. రెండోసారి పిలిచాను. తాడు బరువెక్కింది.

ఎట్లా లాగానో నాకు గుర్తు లేదు. అరచేతుల తోలు ఊడిపోయింది, అది తరువాత చూసుకున్నాను. మూతి దాకా వచ్చాక దస్తగిరి చంకల కింద చేతులు వేసి బయటికి ఈడ్చాడు. కేశవులు ముఖం నీలంగా ఉంది, నోట్లో నురగ. ఎంత పిలిచినా పలకలేదు. అమ్మకు ఏం చెప్పాలి, అమ్మకు ఏం చెప్పాలి అని నేను బయటికే అంటున్నానట, దస్తగిరి తరువాత చెప్పాడు. వాడే తమ్ముణ్ణి ఎల్లకిలా పండబెట్టి చేతులు పైకీ కిందికీ ఆడించాడు. లింగమ్మవ్వ నీళ్లు చల్లి, ఎర్ర ఉల్లిగడ్డ చితగ్గొట్టి ముక్కు దగ్గర పెట్టింది. చాలాసేపటికి ఒకసారి దగ్గాడు. కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"ఇంకా రెండు గంపలు ఉండాయన్నా."

మనిషికో మాట, గొడ్డుకో దెబ్బ అంటారు. నేను దెబ్బే వేశాను. చెంప మీద చెళ్లుమని కొట్టాను, చావు నుంచి అప్పుడే లేచిన పిల్లోణ్ణి. కొట్టి, వాణ్ణే పట్టుకొని వీధిలో కూర్చొని ఏడ్చాను. మీసాలున్న మనిషి అట్లా ఏడవడం ఆ ఊళ్లో ఎవరూ చూసి ఉండరు.

గింజలను బండ మీద ఎండబోసి, డాక్టరు సరేనన్నాక అందరికీ పంచారు. పాతర జొన్న వాసన నాకు గిట్టదు, అయినా ఆ రొట్టె నేనూ తిన్నాను. పిల్లలు తేరుకున్నారు. అందరూ కాదు, లింగమ్మవ్వ చిన్న మనమడు పోయాడు. అంత గింజ పెట్టుకొని ఆమె ఆ బిడ్డను దక్కించుకోలేకపోయింది. కేశవులుకు తల తిరగడం కొన్నాళ్లు ఉండి తగ్గింది. జ్వరం రాలేదు, గడ్డ రాలేదు. ఈ మాట నిజం, బిడ్డ మీద ఒట్టు పెట్టి రాస్తున్నాను. అమ్మ ఏ సందేహమూ పెట్టుకోవద్దు.

ఆ తరువాత కొత్తగా ఎవరికీ జ్వరం రాలేదు. నిన్న డాక్టరు ఇక మీరు పోవచ్చన్నాడు. నాకు రెక్కలు వచ్చినట్టయింది. గుంతకల్లుకు బండి మాట్లాడాను. కేశవులు గడ్డం గీయించుకున్నాడు, పంచెలు ఉతికి ఆరేశాడు. ఎదురు చెప్పలేదు. నాలుగు రోజుల్లో అమ్మ కడుపునిండా తింటుందని రాత్రి వాడే అన్నాడు. నేను దానికే పొంగిపోయి, మైదుకూరు పిల్ల ముక్కు మన జేజి ముక్కులాగా ఉంటుందని వాణ్ణి ఆటపట్టించాను. నవ్వాడు కూడా.

ఈరోజు తెల్లవారి బండమీదపల్లె నుంచి ఒక మనిషి పరుగెత్తుకొని వచ్చాడు. ఇక్కడికి రెండామడల దూరం. అక్కడ కూడా ఎలకలు పడుతున్నాయట, ముగ్గురు మంచం పట్టారట, ఊరు వదలడానికి జనం ఒప్పుకోవడం లేదట. దస్తగిరి మూట భుజాన వేసుకున్నాడు. కేశవులు వాణ్ణి చూశాడు, నన్ను చూశాడు. నాకు అప్పుడే తెలిసిపోయింది.

అమ్మ గంజి సంగతి మళ్లీ చెప్పాను. కాళ్లు పట్టుకుంటానన్నాను, నిజంగానే వంగాను. వాడు నన్ను లేపి కౌగిలించుకొని ఏడ్చాడు. ఇంటికి వస్తే అమ్మ తింటుంది, మళ్లీ ఏదో ఒకరోజు నేను ఇల్లు విడిచి బయలుదేరితే మానేస్తుంది, ఒక ఏడుపును రెండు చేసినట్టవుతుంది కదన్నా అని అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆ రోజు పాతరలో పోయి ఉంటే ఎన్ని ఏడుపులయ్యేవిరా, అంత ధైర్యం నీకు ఎక్కడిదిరా అని అరిచాను. వాడు నా అరచేతులు తిప్పి చూశాడు. తోలు ఇంకా సరిగ్గా రాలేదు.

"నాకు ధైర్యం యాడిదన్నా. తాడు నీ చేతిలో ఉండాదని దిగినా. ఇంకెవరన్నా పట్టుకునింటే దిగేవాణ్ణి కాదు."

ఆ మాట అనేసి పోయి బండికి మందు డబ్బాలు ఎక్కిస్తున్నాడు. నేను గుంతకల్లుకని మాట్లాడిన బండి నాయనా అది.

నేను బండి చక్రం పక్కన కూర్చొని ఇది రాస్తున్నాను. డాక్టరు బంట్రోతు ఆలూరు పోతూ తీసుకుపోయి తపాలాలో వేస్తానన్నాడు. నాకున్నవి రెండు దారులు, రెండూ చెడ్డవే. ఒక్కణ్ణే వచ్చి అమ్మ ముందు ఏ ముఖంతో నిలబడను? రాకపోతే సుబ్బమ్మకు, పాపకు ఏమని చెప్పుకోను? నువ్వు పక్కన ఉంటే తిట్టి అయినా ఒక దారి చూపించేవాడివి. వాడిలాగా నాకు ఈ పని మీద పిచ్చి లేదు. నాకు నా చేను కావాలి, నా ఎద్దులు కావాలి, నా ఇంటి సంగటి కావాలి. ఈ రేగడి గాలి అంటేనే నాకు రోత. అయినా ఈ సంగతి రాసేటప్పటికే నా గొంగడి ఆ బండిలో ఉంది, నేనే వేశాను.

కాబట్టి ఈ ఏడాది మెట్టచేలు బావకు అప్పగించు. ఎర్రెద్దును అమ్మవద్దు. మైదుకూరు వాళ్లను ఆశపెట్టి ఉంచవద్దు, ఆడపిల్ల కలిగినవాళ్లు. సుబ్బమ్మ పుట్టింటికి పోతానంటే పంపించు, ఉంటానంటే మాట పడకుండా చూసుకో. వీలైతే చింతకాయ తొక్కు కొంచెం, నా పాత చెప్పులు, ఆలూరు వచ్చే ఎవరి చేతనైనా పంపించు. జేజికి, అక్కకు, పెద్దలందరికీ నా మొక్కులు. పాపను ఎత్తుకున్నప్పుడు నా పేరు చెబుతూ ఉండండి.

అమ్మను తినమని చెప్పు నాయనా. కొడుకులు ఇద్దరూ ఒకచోటే ఉన్నారని, ఒకరినొకరు చూసుకుంటున్నారని చెప్పు. ఇందులో అబద్ధం లేదు. నేనెప్పుడు వస్తానని మాత్రం నన్ను అడగవద్దు. వాడు ఎక్కడో ఒకచోట మళ్లీ దిగుతాడు. పైన తాడు పట్టుకోవడానికి ఒకడు ఉండాలి. ఆ ఒకడు నేనైపోయాను.

నీ దీవెన మా ఇద్దరికీ సమంగా పంపించు. తిట్లుంటే నా ఒక్కడికే రాయి.

నీ మాట నిలబెట్టలేని పెద్దకొడుకు,
ఓబులరెడ్డి